ఒక తెరా? రెండు తెరలా?

కవితలూ, కథానికలూ, యువతరం కర్తవ్యాల మీద గంభీరమైన వ్యాసాలూ అచ్చయ్యే మన సావనీరులో కంప్యూటరు తెర గురించి ఇన్ని పేజీలేమిటని కొందరు మిత్రులు పెదవి విరవవచ్చు. విరిస్తే విరవనీండి. పోయిన ఏడాది మా ఇంట్లో మూడు వారాలపాటు అన్నం దగ్గరా, మగ్గం దగ్గరా, మిద్దె మీదా నలిగిన ప్రశ్న ఇదొక్కటే. రాజకీయాలు కూడా దీని ముందు వెనకబడ్డాయి. దీని వెనక ఒక పట్టుచీర అంచు ఉంది, ఒక మనిషి కళ్ళున్నాయి, అమ్మ చీటీ పాడి తెచ్చిన 32,000 రూపాయలున్నాయి. అంచేత రాయదగిన సంగతే అనుకుని మొదలుపెట్టాను.

మాది ధర్మవరం. నాయన మగ్గం నేస్తాడు. ఆయన తమ్ముడు, అంటే మా చిన్నాయన, మగ్గం ఎక్కడు. ఆయన డిజైను గీస్తాడు. వయసులో ఉన్నప్పుడు గ్రాఫు కాగితాల మీద పెన్సిలుతో గళ్ళు నింపేవాడు. తర్వాత కంప్యూటరు వచ్చింది. కాగితం పోయిందే గాని గళ్ళు పోలేదు. పగలంతా ఆ కంప్యూటరు ఆయనది. రాత్రి తొమ్మిది దాటితే నాది. నేను చదివేది కంప్యూటరు శాస్త్రమే కాబట్టి. మా ఇద్దరికీ కలిపి ఉన్నది 19 అంగుళాల పాత మానిటరు. దాని ఎడమ మూల పసుపు పట్టిపోయింది. చిన్నాయనకు యాభై దగ్గర పడింది, అద్దాల నంబరు మారింది. మెడ ముందుకు చాచి ముక్కు తెరకు తగిలేటట్టు కూర్చుని పని చేసేవాడు. "కొత్త తెర తెచ్చుకోండప్పా, లేకపోతే ఆయప్ప కండ్లు పోతాయి" అని అమ్మే మొదట అంది. అంతవరకు బాగానే ఉంది. ఏ తెర అన్నచోట చిక్కు మొదలైంది.

చిన్నాయన మనసు ఒకే ఒక పొడుగాటి తెర మీద ఉంది. 34 అంగుళాలది, కొద్దిగా వంపు తిరిగి గోడనుంచి గోడకు పరచినట్టుండేది. దాన్ని అల్ట్రావైడ్ అంటున్నారు. మామూలు తెర వెడల్పు పదహారు పాళ్ళయితే ఎత్తు తొమ్మిది పాళ్ళు. దీనికి ఎత్తు తొమ్మిదయితే వెడల్పు ఇంచుమించు ఇరవయ్యొకటి. నా మనసు రెండు 24 అంగుళాల మామూలు తెరల మీద ఉంది. ఒక కంప్యూటరుకు రెండు తెరలు తగిలించడం కొత్త విద్యేమీ కాదు. 1987లో వచ్చిన మాకింతోష్ 2 ఆ పని చేసింది. మామూలు జనం వాడే విండోస్‌లోకి అది 1998లో వచ్చింది. రెండూ పాత సంగతులే గాని, మా వీధికి రావడానికి ఇన్నాళ్ళు పట్టింది.

మగ్గం తెలియని మిత్రుల కోసం నాలుగు ముక్కలు చెప్పాలి. లేకపోతే మా పేచీ అర్థం కాదు. మగ్గం పైన జాకార్డు అని ఒక పెట్టె ఉంటుంది. దానికి హుక్కులుంటాయి. మా వైపు 240 హుక్కుల పెట్టె మామూలు. ఒక్కో హుక్కు కొన్ని పడుగు దారాలను పైకెత్తుతుంది. ఏది లేవాలో, ఏది కూర్చోవాలో చెప్పేది అట్ట. అట్టలో రంధ్రం ఉంటే హుక్కు లేస్తుంది, లేకపోతే లేవదు. ఒక అట్ట తిరిగితే ఒక పేక పోగు పడుతుంది. ఈ లెక్కన గ్రాఫులో అడ్డంగా ఉన్న ఒక్కో గడి ఒక్కో హుక్కు. నిలువుగా ఉన్న ఒక్కో వరస ఒక్కో అట్ట. హంస ముక్కు దగ్గర ఒక గడి తప్పితే చీర పొడుగునా ప్రతి హంసకూ ముక్కు వంకరే. వందల హంసలకు ఒకేసారి ముక్కు వంకరపోవడం ఎంత నష్టమో సావుకారు ముందర నిలబడినవాడికి తెలుస్తుంది.

ఈ పెట్టెకు పేరిచ్చిన జోసెఫ్ మేరీ జాకార్డ్ ఫ్రాన్సు దేశంలో లియాన్ నగరం వాడు. 1804 నాటి మాట. ఆ అట్టలను చూసే ఇంగ్లండులో ఛార్లెస్ బాబేజ్ తన లెక్కల యంత్రాన్ని అట్టలతో నడపాలని తలపెట్టాడు. 1890లో అమెరికా జనాభా లెక్కలను హెర్మన్ హోలరిత్ రంధ్రాల అట్టల మీదనే లెక్కపెట్టాడు. ఆయన కంపెనీ మరికొన్నిటితో కలిసి, 1924లో ఐ.బి.ఎం. అని పేరు మార్చుకుంది. మా లెక్చరరు గారు క్లాసులో ఈ చరిత్ర చెబుతుంటే నాకు లోలోపల నవ్వు వచ్చింది. రంధ్రం ఉంటే ఒకటి, లేకపోతే సున్న అనే ముక్క ఏ పుస్తకమూ చదవని మా నాయనకు చేతి వేళ్ళల్లో ఉంది. కంప్యూటరు మగ్గం నుంచి బయలుదేరి, లోకమంతా తిరిగి, మళ్ళీ మగ్గానికి డిజైను గీయడానికి ధర్మవరం వచ్చిందన్నమాట.

సరే, తెరల మాటకు వద్దాం. కొనేముందు పదిమందిని అడగాలని ఒక ఆదివారం బెంగుళూరు వైపు పోయే రైలెక్కాను. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మూడూ ఒకే లైను మీద ఉండడం మా అదృష్టం. 2022 ఏప్రిల్ నుంచి మూడూ శ్రీ సత్యసాయి జిల్లాలోనే ఉన్నాయి గాని, అనంతపురం జిల్లా అని నోటికి అలవాటైనవాళ్ళం ఇంకా అట్లే అంటుంటాం.

హిందూపురంలో నా ఇంటరు మిత్రుడొకడు పెళ్ళి వీడియోలు కత్తిరించి అతికే పని చేస్తాడు. వాడి బల్ల మీద అచ్చం చిన్నాయన కోరుకున్న తెరే ఉంది. వాడు దానిమీద చెయ్యి వేసి, "ఇది లేకపోతే నాకు పని స్వల్ప కూడా సాగదప్పా" అన్నాడు. (హిందూపురం వాళ్ళ తెలుగులో స్వల్ప కన్నడం సహజం.) చూస్తే వాడి మాట నిజమే. వీడియో పని అడ్డంగా సాగుతుంది. మంగళస్నానం ఎడమ చివర, అప్పగింతలు కుడి చివర. మధ్యలో ఎన్ని గంటల పెళ్ళయినా ఒక పట్టీ మాదిరి అడ్డంగా పరచుకుంటుంది. తెర ఎంత వెడల్పయితే అంత పెళ్ళి కనబడుతుంది. రెండు తెరలు పక్కపక్కన పెడితే సరిగ్గా తాళి కట్టే చోట నల్లటి అంచు అడ్డం వస్తుందట. అది కాస్త అతిశయోక్తి అనుకున్నాను గాని, కాదనలేకపోయాను.

తిరుగుదారిలో పెనుకొండలో దిగాను. 1565 యుద్ధం తర్వాత విజయనగర ప్రభువులు రాజధాని చేసుకున్న ఊరు. ఇప్పుడు ఊరి పేరు చెబితే కొండ మీది కోటకన్నా ముందు ఎర్రమంచి దగ్గరి కార్ల ఫ్యాక్టరీ గుర్తొస్తోంది. అక్కడ కియా కార్ల తయారీ 2019లో మొదలైంది. ఆ చుట్టుపక్కల విడిభాగాల గోడౌను ఒకదానిలో మరో మిత్రుడు గుమాస్తా. వాడి ముందర రెండు తెరలున్నాయి. ఎడమ తెరలో వచ్చిన సరుకు చిట్టా, కుడి తెరలో ఉండవలసిన సరుకు చిట్టా. "రెండూ ఒకే తెరలో పెట్టుకోవచ్చు గదా?" అంటే, "పెట్టుకోవచ్చు. ఒకటి పెద్దది చేస్తే ఇంకోటి చిన్నదవుతుంది, రోజూ సర్దుకోలేక సస్తాను. రెండు తెరలుంటే ఎవరి ఇంట్లో వాళ్ళుంటారు" అన్నాడు. మెడ గురించి కూడా వాడే చెప్పాడు. ఎక్కువసేపు చూసే తెర ముఖానికి ఎదురుగా ఉండాలి, రెండోది పక్కన ఉండాలి. రెంటి మధ్య అంచు ముక్కుకు సూటిగా పెట్టుకుంటే రోజంతా మెడ అటో ఇటో తిరిగే ఉంటుంది, సాయంత్రానికి పట్టేస్తుంది.

అట్లా హిందూపురం ఒక తీర్పు, పెనుకొండ ఇంకో తీర్పు ఇచ్చి నన్ను ధర్మవరం స్టేషనులో దించాయి. ఇంటికి నడుస్తూ అనుకున్నాను. వీడియో అడ్డంగా పోతుంది, చిట్టాలు జంటగా పోతాయి. మరి చీర ఎటు పోతుంది?

చీర నిలువుగా పోతుంది. హుక్కులు 240 దగ్గర ఆగిపోతాయి, అట్టలు ఆగవు. అంగుళానికి 60 పేక పోగులనుకుంటే, ఎనిమిది అంగుళాల హంసల వరసకు 480 అట్టలు కావాలి. అంటే గ్రాఫు 240 గళ్ళ వెడల్పు, 480 గళ్ళ పొడుగు. ఆ రాత్రి కాగితం తీసుకుని కూర్చున్నాను. 24 అంగుళాల తెరలో అడ్డంగా 1920 చుక్కలు, నిలువుగా 1080 చుక్కలు ఉంటాయి. గడికి ఎనిమిది చుక్కలిస్తే 240 హుక్కులూ అడ్డంగా సరిగ్గా 1920లో పడతాయి, ఒక్క చుక్క మిగలదు. కొలిచి కుట్టించినట్టుంది. కాని నిలువుగా 135 అట్టలే కనబడతాయి. హంస తల కనబడితే తోక కనబడదు. ఇప్పుడు రెండో తెరను నిలువుగా నిలబెట్టండి. 1080 వెడల్పు, 1920 ఎత్తు అవుతుంది. గడికి నాలుగు చుక్కలు చాలనుకుంటే 240 హుక్కులకు 960 చుక్కలు, 480 అట్టలకు 1920 చుక్కలు. మొత్తం హంసల వరస తల నుంచి తోక దాకా ఒక్క చూపులో! మెనూ పట్టీలు కొంత చోటు తింటాయనుకోండి. అయినా ఒక తెరలో గడి దిద్దుతూ, పక్క తెరలో మొత్తం చూస్తూ పోవచ్చు.

న్యాయం కోసం పొడుగాటి తెర లెక్క కూడా వేశాను. అది 3440 చుక్కల వెడల్పు, 1440 ఎత్తు. గడికి మూడు చుక్కలిస్తే 480 అట్టలు సరిగ్గా 1440లో పడతాయి, వెడల్పు 720 చాలు. మిగిలిన చోట గడికి ఎనిమిది చుక్కల లెక్కన దిద్దే గ్రాఫు 1920 వెడల్పున పెట్టుకోవచ్చు, ఇంకా 800 చుక్కలు మిగులుతాయి. పైగా దిద్దేచోట 135కు బదులు 180 అట్టలు కనబడతాయి. కాబట్టి చిన్నాయన కోరిక తీసిపారేయదగినది కాదు. తేడా అంతా కంటిలో ఉంది. 34 అంగుళాల తెరలో అంగుళానికి 110 చుక్కలు, 24 అంగుళాల దాంట్లో 92. ఆ ప్రకారం మొత్తం బొమ్మలో ఒక్కో గడి పొడుగాటి తెరలో 0.7 మిల్లీమీటరు, నిలబెట్టిన తెరలో 1.1 మిల్లీమీటరు. ఇరవై రెండేళ్ళ నా కంటికి రెండూ ఒకటే. అద్దాల నంబరు మారిన కంటికి ఒకటి కాదు. ఏ కళ్ళ కోసం తెర కొంటున్నామో ఆ కళ్ళే తీర్పు చెప్పాలి గదా.

బల్ల మాటా చూడాలి. మాది మగ్గం గుంత పోను మిగిలిన గది. పొడుగాటి తెర 80 సెంటీమీటర్ల వెడల్పు. 24 అంగుళాల తెర ఒకటి అడ్డంగా 53, ఇంకొకటి నిలువుగా 30. రెండూ కలిపి 83, అంచులతో ఒకటి రెండు ఎక్కువ. రెండూ అడ్డంగా పెడితే 106 దాటి తలుపు రెక్కకు తగులుతుంది. నిలబెడితే తగలదు.

రంగుల దగ్గర ఒక పాయింటు చిన్నాయన గెలిచాడు. ఒకే మోడలు తెరలు రెండు తెచ్చినా రంగు రెంటిలో అచ్చంగా ఒకటి కాదు. ఒకదానిలో నెమలికంఠం రంగు ఇంకోదానిలో కాస్త ఆకుపచ్చకు తిరుగుతుంది. ఒకే తెరలో ఆ బాధ లేదు. నేనేదో వాదించబోతుంటే మగ్గంలోంచి నాయన అందుకున్నాడు. "తెరలో రంగు జూసి ఎవడన్నా చీర నేస్తాడా? దారం జూసి నేస్తారు గాని!" నిజమే. ధర్మవరం చీరకు పేరు తెచ్చింది జంట రంగు. పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు. మడత అటు తిప్పితే ఒక ఛాయ, ఇటు తిప్పితే ఇంకో ఛాయ. ఆ మెరుపును ఏ తెరా చూపలేదు. ఒకటైనా అంతే, రెండైనా అంతే. అద్దకం చేసిన పట్టుపోగును ఎండలో పట్టుకుని చూడవలసిందే.

నా పని సంగతి పెద్దగా చెప్పేదేం లేదు. ప్రోగ్రాము ఒకదానిలో, దాని ఫలితం ఇంకోదానిలో ఉంటే సుఖం. ఉద్యోగాల ఇంటర్వ్యూలు ఇంటి నుంచే జరుగుతున్న కాలంలో ఇంకో లాభం కూడా ఉంది. రెండు తెరలుంటే ఒకటి అవతలివాళ్ళకు చూపించి, ఒకటి మన కాగితాలకు ఉంచుకోవచ్చు. పొడుగాటి తెరను మొత్తంగా చూపిస్తే అవతలివాడి చిన్న లాప్‌టాప్‌లో అది రిబ్బను మాదిరి కనబడుతుంది, అక్షరాలు చీమలైపోతాయి.

ఇన్ని లెక్కలు చెప్పినా చిన్నాయన కదల్లేదు. కాగితం తీసుకుని, అద్దాలు నుదుటి మీదికి నెట్టి, చాలాసేపు చూశాడు. "లెక్క బాగుంది అబ్బీ. కాని నాకు ఒకటే కావాల" అన్నాడు. ఎందుకంటే చెప్పడు. చివరకు అమ్మ బయటపెట్టింది. "రెండు తెస్తే రేపు వీడు బెంగుళూరులో ఉద్యోగమని ఒకటి ఎత్తుకోని పోతాడని ఆయప్ప బాధ. ఒకటైతే ఆడ్నే ఉంటాది గదా."

ఆ మాటతో ఇల్లు నిశ్శబ్దమైంది. నాయన మగ్గం కూడా ఆగింది. మా ఇంట్లో అన్నదమ్ములిద్దరూ ఇప్పటిదాకా వేరు పడలేదు. ఒకే పొయ్యి, ఒకే లెక్క. తెరలో సగం కోసుకుపోలేరు. రెండు తెరలైతే పంపకం సులభం. చిన్నాయనకు పిల్లలు లేరు. గళ్ళు నింపడం నాకు నేర్పింది ఆయనే. ఎనిమిదో తరగతిలో ఉండగా గ్రాఫు కాగితం మీద మామిడిపిందె దిద్దించి, గడికి పది పైసలని లెక్కగట్టి ఇచ్చేవాడు. నేను చదువు ముగించి ఊళ్ళోనే ఉంటానని ఎవరూ అనుకోవడం లేదు. నేనూ అనుకోవడం లేదు. మా వీధిలో నా ఈడు మగపిల్లల్లో మగ్గం మీద కూర్చున్నవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి బెంగుళూరు. అంత దగ్గరగా ఉన్న నగరం ఎంతమందిని లాక్కోకుండా ఉంటుంది?

నేను పోతే తెర ఎత్తుకుపోనని మాట ఇచ్చాను. "మాట కాదప్పా, వస్తే ఎక్కడ కూర్చుంటావో అది జెప్పు" అన్నాడు. సెలవుల్లో వచ్చినప్పుడు అడ్డతెర ముందు నేను గళ్ళు దిద్దుతాననీ, నిలువు తెర ముందు ఆయన కూర్చుని తప్పులు చెప్పాలనీ ఒప్పందం కుదిరింది. ఒకే కంప్యూటరు ముందు ఇద్దరు కూర్చోవడానికి రెండు తెరలే అనువు. ఈ పాయింటు నా లెక్కల కాగితంలో లేదు.

కొనేటప్పుడు కొన్ని సంగతులు చూసుకున్నాం. ఎవరికైనా పనికొస్తాయని రాస్తున్నాను. తక్కువ ధర తెరల స్టాండు నిలువుగా తిరగదు. వెనక నాలుగు స్క్రూ రంధ్రాలు, పది సెంటీమీటర్ల చదరంగా ఉన్నవి ఉంటే, విడిగా ఇనుప చెయ్యి కొని బల్లకు బిగించుకోవచ్చు. కొన్ని తెరలకు ఆ రంధ్రాలే ఉండవు, ముందే వెనక్కి తిప్పి చూడాలి. ఐ.పి.ఎస్. రకమా కాదా అని అడగాలి. పాత టి.ఎన్. రకం తెరను నిలబెడితే ఒక పక్కనుంచి చూసినప్పుడు రంగు వెలిసిపోతుంది. కంప్యూటరు వెనక తెరలు తగిలించే రంధ్రాలు రెండున్నాయో లేదో, ఏ రకానివో ఫోటో తీసుకుని పోతే మంచిది. బెంగుళూరు ఎస్.పి. రోడ్డు దాకా పోవాలనుకున్నాం గాని, హిందూపురంలోనే దొరికాయి. ఒక్కోటి పదివేల లోపు, ఇనుప చెయ్యి విడిగా. చీటీ డబ్బులో మిగిలినదానితో చిన్నాయనకు వెన్ను నిలిచే కుర్చీ కొన్నాం. నాకడిగితే రెండు తెరలకన్నా ఆ కుర్చీయే మంచి కొనుగోలు.

మొదటి వారం చిన్నాయన నిలువు తెరను చూసి, "ఇదేందప్పా, తలుపు మాదిరి ఉంది" అని గొణిగాడు. రెండో వారం లేపాక్షి లతా మండపంలో తీసుకున్న ఫోటోలు అందులో వేసుకున్నాడు. ఆ స్తంభాల మీది అల్లికలు మా ఊరి అంచుల్లోకి ఎప్పుడో దిగాయి. స్తంభం నిలువు, ఫోటో నిలువు, తెర నిలువు. అడుగు నుంచి బోదె దాకా స్తంభం మొత్తం బల్ల మీద నిలబడింది. పక్క తెరలో 240 గళ్ళ వెడల్పున తీగ మొదలుపెట్టాడు. మెడ వెనక్కి వాల్చి కూర్చుని, ముక్కు తెరకు రెండడుగుల దూరంలో పెట్టుకుని. ఆ అంచుకు 624 అట్టలు పట్టాయి, కాబట్టి నిలువు తెరలో కూడా మొత్తం పట్టలేదు. కొంచెం జరపవలసి వచ్చింది. శ్రావణమాసం పెళ్ళిళ్ళకు ముందే అట్టలు కొట్టించి నాయన మగ్గానికి ఎక్కించారు. తీగ ఎడమకు తిరిగేచోట ఒక ఆకు బరువుగా ఉందని నాయన అన్నాడు. రెండు తెరల్లోనూ అది బాగానే కనబడింది మరి. చిన్నాయన నాలుగు గళ్ళు తీసేసి అట్ట మార్చాడు.